ఖాయం కాకముందే వదినగారినయ్యాను

గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చానంటే మా స్టాఫ్‌రూమ్‌లో ముందు అడిగింది పూతరేకులు తెచ్చావా అని. తెచ్చాను. పెట్టె తెరిచిన పావుగంటలో పొడి కూడా మిగల్లేదు. ఆ తర్వాతే ఎవరికో గుర్తొచ్చింది, అసలు నువ్వు ఎందుకు వెళ్ళావు అని.

నా కూతురి పెళ్ళికి ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోవడానికి వెళ్ళాను.

మాది హనుమకొండ. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. మా ఆయన కాలేజీలో లెక్చరర్‌గా ఉండేవారు. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. నాకు ఉండీ లేనట్టుండేది, ఆయనతో ఉండగా ఆ కాస్తా పోయింది. మానస ఏడో తరగతిలో ఉండగా ఆయన చనిపోయారు. అప్పటి నుంచి మా ఇల్లంటే మేమిద్దరమే. పూజగది లేదు, పెద్దల మాట అంటూ ఒకటి లేదు. ఏ నిర్ణయమైనా నేను తీసుకోవాలి, లేదంటే అది తీసుకోవాలి. ఇద్దరి మాటా ఒకటి కాకపోతే ఎవరో ఒకరు ఓడిపోవాలి.

మానస బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అక్కడే పరిచయమైన చైతన్యది భీమవరం దగ్గర ఒక పల్లె. వ్యవసాయం చేసుకునే ఉమ్మడి కుటుంబం. కులం వేరు, ప్రాంతం వేరు. పెళ్ళి మాట ఎత్తినప్పుడు మానస నా మెడకు ఒక బండ కట్టింది.

"నువ్వు పోయి చూసి రా అమ్మా. నువ్వు వద్దంటే నేను చేసుకోను."

"నువ్వు గూడ రారాదు?"

"నేనొస్తే నువ్వు నన్నే చూసుకుంట కూసుంటవు. వాళ్ళను చూడవు."

అలా ఫిబ్రవరి చివర్లో, ఎండలు ముదరకముందు, ఒక్కదాన్నే రైలెక్కాను. నిజం చెప్పాలంటే వద్దనడానికే బయలుదేరాను. సరైన కారణం ఒకటి దొరకాలి, అంతే.

రాజమండ్రి

భీమవరం రైలుకు టికెట్ దొరక్క రాజమండ్రిలో దిగాను. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టానో లేదో, "వదినగారూ! ఇటండీ, ఇటు!" అని కేక. చైతన్య వాళ్ళమ్మ పద్మ. ఫొటోలో చూసినదానికంటే పొట్టిగా ఉంది. చేతిలో కాఫీ ఫ్లాస్కు. నా సంచి లాక్కుని ముందు నడిచింది.

వియ్యపురాళ్ళు వదినా అని పిలుచుకోవడం మా వైపూ ఉంది. కాని పెళ్ళయ్యాక. ఇక్కడ ఇంకా ఏదీ ఖాయం కాలేదు. నేను జాగ్రత్తగా "పద్మగారూ" అన్నాను. ఆవిడ పట్టించుకోలేదు. స్టేషను దాటేలోపు మరో నాలుగుసార్లు వదినగారినయ్యాను.

టిఫినుకు ఒక చిన్న హోటలుకు తీసుకెళ్ళింది. పెసరట్టులో ఉప్మా పెట్టి మడిచిచ్చారు. పక్కన అల్లం పచ్చడి, బెల్లం పాకంలా తియ్యగా. ప్లేటు డెబ్బై రూపాయలు, మధ్యాహ్నం దాకా ఆకలెయ్యదు. నేను పర్సు తీసేసరికి పద్మ నా చెయ్యి పట్టుకుని పర్సు మూసేసింది. హోటలాయన కూడా ఆవిడ పక్షమే. "మీరు ఊరుకోండమ్మా, ఇక్కడ మా రూలు వేరండి," అన్నాడు.

కారు వంతెన ఎక్కింది. కింద గోదావరి. ఇంత నీరు ఒకచోట నేను చూడలేదు. మా వైపు నీళ్ళంటే చెరువు, చెరువంటే అవతలి గట్టు కనిపిస్తుంది. పద్మ అద్దం దించి, చేతులు జోడించి, పెదవులు కదిపింది. దణ్ణం పెట్టుకుంటోందనుకున్నాను. వంతెన దిగాక అడిగితే చెప్పింది.

"మీరొచ్చారని చెప్పానండీ."

"నదికా?"

"ఆయ్. ఇంట్లో ఏం జరిగినా ముందు ఈవిడకి చెప్పడం అలవాటండి. చెబితే ఒక పనైపోతుంది."

సైన్సు టీచరును, నేనూ ఒకసారి వెనక్కి తిరిగి నది వైపు చూశాను.

పల్లె

తణుకు దాటాక పొలాలు పోయి చెరువులు మొదలయ్యాయి. రొయ్యల చెరువులు. నీళ్ళ మధ్యలో చక్రాలు తిరుగుతూ నురగ చిమ్ముతుంటాయి. రొయ్యలకు గాలి ఆడటానికట. నాకున్న ఒకే ఒక్క దురాశ ఏమిటంటే, ఈ పెళ్ళి కుదిరినా కుదరకపోయినా భీమవరం రొయ్యల ఇగురు తిని రావాలని. ఇంటికి చేరగానే పద్మ ఆ ఆశ తుంచేసింది. మర్నాడు అన్నవరంలో సత్యనారాయణస్వామి వ్రతం మొక్కు ఉందట. అందుకని ఇంట్లో నీచు వండలేదు. రొయ్యల రాజధానికి వెళ్ళి పనసపొట్టు కూర తిన్నదాన్ని నేనే అయ్యుంటాను. ఆ కూర మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఆవపెట్టి చేశారు, ముక్కుపుటాలు అదిరిపోయాయి. పులుసులో బెల్లం, పప్పులో కూడా అనుమానంగా ఒక తీపి. మా పచ్చిపులుసు గుర్తొచ్చింది.

ఇంట్లో ఎందరున్నారో లెక్కపెట్టబోయి మానేశాను. చైతన్య తాతగారు సుబ్బారావుగారు, మామ్మగారు మహాలక్ష్మిగారు, వాళ్ళ ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, పిల్లలు, మధ్యమధ్యలో వచ్చిపోయే చుట్టాలు. పద్మ పెద్ద కోడలు. ఈ ఇంట్లో 'నేను' అనే మాట తక్కువగా వినపడుతుందని భోజనాల దగ్గర గమనించాను. "మీకేం కూర ఇష్టం?" అని పద్మను అడిగాను.

"మాకందరికీ పనసపొట్టేనండి."

"మీకండీ, మీకు?"

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "నాకా... తెలీదండి," అని నవ్వేసింది.

మగవాళ్ళు ముందు తిన్నారు. నేను చుట్టాన్ని కాబట్టి నన్ను కూడా ఆ పంక్తిలో, తాతగారి పక్కన కూర్చోబెట్టారు. వడ్డించే ఆడవాళ్ళ చేతుల మధ్య ముద్ద దిగలేదు. మా ఇంట్లో నేనూ మానసా కంచాలు ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు తింటాం. వద్దనడానికి కారణం ఒకటి దొరికిందని మనసులో రాసుకున్నాను.

అంతలో మానస ఫోను. "ఎట్లుంది అమ్మా?" అందో లేదో, "అమ్మాయా? ఏదీ, ఇలా ఇవ్వండి," అని పద్మ తోటికోడలు అందుకుంది. అక్కడి నుంచి పద్మకు, పద్మ నుంచి మామ్మగారికి, ఆవిడ నుంచి పేరు తెలియని ఎవరికో వెళ్ళింది. ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేసి నా చేతికి వచ్చేసరికి ఛార్జింగు అయిపోయి ఆరిపోయింది. కూతురు నాతో మాట్లాడటానికి చేసిన ఫోనులో నేను తప్ప అందరూ మాట్లాడారు.

మేడమీద గది

మధ్యాహ్నానికి తల పగిలిపోతోంది. నొప్పి కాదు, మనుషులు. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ ప్రేమగానే ఉన్నారు. కాని నేను కుర్చీలో కూర్చుంటే ఒకరు ఫ్యాను వేస్తారు, ఒకరు మజ్జిగ తెస్తారు, మరొకరు "ఏంటండీ, అలా ఉన్నారు?" అంటారు. ఇద్దరున్న ఇంట్లో పదిహేనేళ్ళు బతికిన మనిషిని నేను. మానస కూడా అంతే. ఈ ఇంట్లో నా బిడ్డకు ఊపిరి ఆడుతుందా అనిపించింది.

పద్మ కనిపెట్టింది. ఏమీ అడక్కుండా మేడమీదికి తీసుకెళ్ళి ఒక చిన్న గది చూపించింది. మంచం, కిటికీ, కిటికీలోంచి కొబ్బరి మట్టలు.

"గొళ్ళెం వేసుకోండి. ఎవరూ పిలవరు."

"ఎవరి గది ఇది?"

"ఎవరిదీ కాదండి. ఎవరికి విసుగొస్తే వాళ్ళది. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో మా అత్తగారే చూపించారు. తలుపేసుంటే ఈ ఇంట్లో మనిషి లేనట్టే లెక్క."

నాకు ఆశ్చర్యమేసింది. గొళ్ళెం వేసుకుని చాలాసేపు పడుకున్నాను. కింద అంత సందడి వినబడుతున్నా నిజంగానే ఒక్కరూ తలుపు తట్టలేదు.

తిరిగి తీయబోతే గొళ్ళెం కదల్లేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మొదట మెల్లగా, తర్వాత చెప్పుతో కొట్టి చూశాను. అవతల ఎవరికీ అనుమానం రాలేదు, తలుపేసుంటే పలకరించకూడదు కదా! చివరికి సిగ్గు విడిచి అరిచాను. ఇల్లంతా మెట్ల మీదికి వచ్చింది. కింద వాకిట్లోంచి తాతగారు ఆజ్ఞలు జారీ చేస్తున్నారు: "కంగారు పడకండమ్మా! పైకెత్తి లాగండి! ఇంకా పైకి!" ఆఖరికి పద్మ మరిది నిచ్చెన వేసుకుని కొబ్బరినూనె సీసా కిటికీలోంచి అందించాడు, గొళ్ళేనికి తలంటితే వదిలింది. బయటికొచ్చేసరికి అందరూ నవ్వు ఆపుకుంటున్నారు. ముందు నేనే నవ్వేశాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అది మొదటిసారి.

తాతగారు చెప్పిన మాట

సాయంత్రం అరుగు మీద టీలు తాగుతున్నాం. సుబ్బారావుగారు ఎనభై దాటిన మనిషి. పంచె, భుజం మీద తువ్వాలు, మాట గట్టిగా ఉంటుంది. ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆయన దగ్గితే కోడళ్ళు ఆగుతారు.

"దాచడమెందుకమ్మా, నాకు మొదట ఇష్టం లేదు," అన్నారు నాతో. "మీ వైపు వేరు, మా వైపు వేరు. కులం వేరు. వద్దన్నాను. ఉగాది నుంచి దసరా దాకా మనవడితో మాట్లాడలేదు."

"మరి ఇప్పుడు, సార్?"

"స్వామినే అడిగానమ్మా. రెండు పొట్లాలు కట్టి పటం ముందు పెట్టాం. ఒకదాంట్లో తెల్ల గన్నేరు, ఒకదాంట్లో ఎర్ర గన్నేరు. తెల్లది వస్తే సరే, ఎర్రది వస్తే కాదు. మా ఆవిడ చేత తీయించాను. తెల్లది వచ్చింది. ఆయన ఒప్పుకున్నాక ఇంక నాదేముంది?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మామ్మగారు చీరకొంగుతో గ్లాసు తుడుస్తున్నారు. నా చేతిలో టీ చల్లారిపోయింది.

"ఎర్రది వచ్చుంటే?" అని అడిగాను.

ఆయన నా వైపు చూసి, "రాలేదుగా అమ్మా," అన్నారు.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు సంభావ్యత చెప్పేటప్పుడు మా లెక్కల టీచరు నాణెం ఎగరేసి చూపిస్తారు. సగానికి సగం. నా కూతురి బతుకును వీళ్ళు ఆ సగం మీద నిలబెట్టారు. అది ఎలాంటి పిల్ల, ఏం చదివింది, వాడిని ఎంత ఇష్టపడింది, ఇవేవీ కాదు, ఒక పువ్వు రంగు. రేపు దానికి పిల్లలు పుట్టి, ఏ చదువు చదివించాలన్న ప్రశ్న వచ్చినా పొట్లాలు కడతారా? కారణం కోసం వచ్చినదాన్ని, దొరికింది కదా అని సంతోషించాలి. కాని ఏడుపొచ్చింది. ఆ గొళ్ళెం దగ్గర నవ్విన నవ్వుతో ఈ ఇల్లు కాస్త నచ్చడం మొదలైంది మరి.

అన్నవరం దారిలో

తెల్లవారాక రెండు కార్లలో బయలుదేరాం. మళ్ళీ గోదావరి దాటాలి. మొక్కు తీర్చుకున్నాక నన్ను సామర్లకోటలో రైలెక్కిస్తారని ఏర్పాటు. నేను మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను. 'మీరు మంచివాళ్ళు, కాని మా పద్ధతులు కలవవు.' ఇంకా మర్యాదగా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే పక్కనున్న పద్మ మెల్లగా అడిగింది.

"ఒక మాట అడగనా వదినగారూ? మీకు కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటారండీ?"

"ఎవరికీ చెప్పుకోను."

"అన్నయ్యగారు పోయిన దగ్గర్నుంచీనా?"

"అప్పటి నుంచే."

"దేవుడిక్కూడా?"

"నాకు నమ్మకం లేదండి."

ఆవిడ వాదించలేదు. నమ్మకం పెట్టుకోమని చెప్పలేదు. కిటికీలోంచి చూస్తూ, "మరి బరువెక్కదా అండీ?" అంది.

నేను కూర్చుకున్న వాక్యాలన్నీ చెదిరిపోయాయి. పదిహేనేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ధైర్యవంతురాలివన్నారు, ఆదర్శమన్నారు. బరువా అని మాత్రం అడగలేదు. అటు తిరిగి కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూడకుండా ఒక అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టింది.

రత్నగిరి మీద

అన్నవరం కొండ పెద్దది కాదు. కింద పంపా నది, పైన గోపురం, దారి పొడవునా కొత్త దంపతులు. పెళ్ళయిన జంటలు ఇక్కడికొచ్చి వ్రతం చేసుకోవడం ఈ జిల్లాల ఆనవాయితీ. పసుపుబట్టలు ఆరకముందే వచ్చేస్తారట. మండపంలో వరసలు వరసలుగా జంటలు, ప్రతి జంట ముందూ పీట, కలశం. పంతులుగారు మైకులో కథ చెబుతుంటే వందల చేతులు ఒకేసారి అక్షతలు వేస్తున్నాయి.

ఇక్కడ జంటగా కూర్చోవాలి. జంట లేనివాళ్ళు ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పరు, మనకే తెలుస్తుంది. నేను వెనక స్తంభం దగ్గర చాప మీద కూర్చున్నాను. పద్మా, వాళ్ళాయనా ముందు వరసలో పీట దగ్గర. తాతగారు ప్రసాదం వరస చూసుకుంటానని వెళ్ళారు. మామ్మగారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి నా పక్కన చతికిలబడ్డారు.

"నిన్న మీరు ఎర్రది వస్తేనో అన్నారు చూడండి. ఆయన రాత్రంతా దొర్లుతూనే ఉన్నారు."

"తప్పుగా అనలేదండీ. నాకు భయమేసి అడిగిన."

"తప్పని కాదమ్మా." ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఎర్రది ఎక్కణ్ణుంచి వస్తుంది? పొట్లాలు కట్టింది ఆయనే కదా."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఒకటి నేను తీశాను. విప్పి అందరికీ చూపించారు. తెల్లది. రెండోది పటం దగ్గరే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న వాడిన పూలు తీస్తూ విప్పి చూశాను. అదీ తెల్లదే."

మైకులో పంతులుగారు కథలో రెండో అధ్యాయం మొదలుపెట్టారు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను.

"మీరు ఆయన్ను అడగలేదా?"

"ఏమని అడగనమ్మా? పిల్లాడు రోజూ నాకు ఫోన్ చేసి, తాతయ్య మందులేసుకున్నాడా అనడిగేవాడు. ఈయన పక్కనే కూర్చుని వినేవారు. నాకియ్యి, మాట్లాడతాను అనడానికి నోరు రాదు. వద్దన్నది తనే కదా. ఇంటి పెద్ద, అన్నమాట ఎలా వెనక్కి తీసుకుంటారు? తీసుకుంటే కొడుకులు ఏమనుకుంటారు, ఊరేమనుకుంటుంది? మనిషి సగమైపోయారు. ఆ పొట్లాలు కట్టిన రోజు మాత్రం అన్నం సరిగ్గా తిన్నారు."

"మీకు తెలుసని ఆయనకు తెలుసా?"

"అరవై ఏళ్ళ కాపురం. తెలియకుండా ఎలా ఉంటుందమ్మా. పద్మకీ తెలుసనుకుంటాను. ఎవరమూ పైకి అనం, అంతే."

దేవుడంటే నమ్మకం లేనిదాన్ని, నేనే అడిగాను: "మరి స్వామిని మోసం చేసినట్టు కాదా?"

మామ్మగారు పళ్ళు లేని నోటితో నవ్వారు. "రెండోదాంట్లో కూడా తెల్లదే పెట్టమని ఆయనకి బుద్ధి పుట్టించిందెవరంటారు?"

నా గుండెల మీంచి ఏదో లేచిపోయింది. నా కూతురిని పువ్వు రంగు మీద నిలబెట్టలేదు. ఒక ముసలాయన మనవడి కోసం తన పంతం వదులుకోవాలనుకున్నాడు. వదులుకోవడానికి ఆయనకు ఒక తలుపు కావాలి. ఎవరికీ ఓడకుండా బయటికి వచ్చే తలుపు. అది స్వామి ఇచ్చాడు. ఇంట్లోవాళ్ళంతా చూసీ చూడనట్టు ఊరుకుని ఆ తలుపు తెరిచి పట్టుకున్నారు. వాళ్ళ భక్తి అబద్ధమని నేను అనను. ఆ భక్తిలో మనుషులు ఒకరినొకరు క్షమించుకునే చోటు ఒకటుంది, ఇన్నాళ్ళూ నేను దాన్ని చూడలేదు.

మా ఇంట్లో అలాంటి చోటు లేదు. బెంగళూరు ఉద్యోగం వద్దు, ఇక్కడే ఉండు అని నేనన్నప్పుడు, పోతానని మానస అన్నప్పుడు, ఇద్దరి మధ్య మూడో మనిషి లేడు. మామ్మ లేదు, తాత లేడు, పటం లేదు. ఎవరు ముందు పలకాలో తెలియక, ఒకే ఇంట్లో వేర్వేరు వేళల్లో తిన్నాం. ఇద్దరం నిజాలే మాట్లాడుకున్నాం. నిజాలతో చాలా దెబ్బలు తగిలాయి.

(ఇది రాయవచ్చునా అని మామ్మగారికి ఫోన్ చేసి అడిగాను. "ఆయన చదవడం మానేసి చాన్నాళ్ళయింది, కళ్ళు కనబడవు. పేర్లు మార్చి రాసుకోమ్మా," అన్నారు. మార్చాను.)

వ్రతం ముగిసింది. పద్మ కుంకుమ పళ్ళెంతో ముత్తైదువులకు బొట్టు పెడుతూ మా వైపు వచ్చింది. నాకు ఇది అలవాటే. ఇలాంటి చోట్ల పళ్ళెం నా దగ్గరికి వచ్చేసరికి నేనే సంచి సర్దుకుంటూ తల దించుతాను, ఎదుటివాళ్ళకు ఇబ్బంది లేకుండా. ఈసారీ సంచి మీద చెయ్యి వేశాను. పద్మ నా ముందు ఆగింది. అత్తగారి వైపు చూసింది. మామ్మగారు సరిగ్గా ఆ క్షణంలో స్తంభం మీద చెక్కిన ఏనుగును చూడటం మొదలుపెట్టారు. మహా శ్రద్ధగా చూస్తున్నారు. పద్మ వేలు నా నుదుటికి తగిలింది. అప్పుడు మామ్మగారు ఇటు తిరిగి, "అయిపోయిందా? పదండి, ప్రసాదం చల్లారిపోతుంది," అన్నారు.

కొండ కింద

అన్నవరం ప్రసాదం గురించి చెప్పకపోతే పాపం. గోధుమనూక, బెల్లం, నెయ్యి, ఏలకులు. ఆకులో కట్టి ఇస్తారు, ఆకు వాసన కూడా దానిలో కలిసిపోతుంది. పొట్లం ఇరవై రూపాయలు. మేం కారు పక్కన నీడలో నిలబడి తిన్నాం. తాతగారు ఎవరికీ ఎక్కువ తక్కువ కాకుండా తనే పంచుతున్నారు. నా దగ్గరికి వచ్చి, ఆకులో ముద్ద పెడుతూ, కళ్ళెత్తకుండా అడిగారు.

"ఏమంటారమ్మా మరి?"

అందరూ తినడం ఆపారు.  

"బాబాయిగారూ," అన్నాను. నిన్నటి నుంచి ఆయన్ను సార్ అనే పిలుస్తున్నాను. ఆ మాట విని ఆయన తలెత్తారు. "నాకు సమ్మతమేనండి."

ఆయన నా ఆకులో ఇంకో ముద్ద వేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కారు అవతలి వైపు వెళ్ళారు. పద్మ నన్ను కౌగిలించుకుంది, ఆవిడ చేతిలోని ప్రసాదం నా చీరకు అంటుకుంది, ఆ నెయ్యి మరక ఇంకా పోలేదు.

కారెక్కాక నేను ఒకటి చెప్పి తీరాలనుకున్నాను. "పద్మ వదినా, నా బిడ్డ మొగోళ్ళు తిన్నదాంక ఆగదు. దానికి ఆకలైతే కూసుంటది."

"కూర్చోమనండీ బాబూ," అంది ఆవిడ. "అది కూర్చుంటే దాని పక్కన నేనూ కూర్చుంటాను. కొత్త కోడలికి తోడని చెప్పొచ్చు."

సామర్లకోట

రైలు రావడానికి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీదనే పద్మ మిగతా పొట్లాలన్నీ నా సంచిలోకి కుక్కింది. రొయ్యలు బాకీ ఉన్నామని తోటికోడలు పదేపదే గుర్తుచేసింది. వాళ్ళ నుంచి నాలుగడుగులు పక్కకు జరిగి మానసకు ఫోన్ చేశాను.

"చెప్పమ్మా," అంది. గొంతులో ప్రాణం లేదు.

"చేసుకో బిడ్డా."

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "నిజంగనా? నాకోసం అంటున్నవా, నీకు నచ్చిన్రా?"

"నచ్చిన్రు. నేనొక్కదాన్నే నీకు అమ్మ, నాయిన, అన్న, అక్క, అన్నీ అయి కూసున్న గదా ఇన్నేండ్లు. ఇగ అమ్మగ ఉంటే సాలు నాకు."

ఆ మాట నేను ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చాకే అది నిజమని తెలిసింది.

నాది కింది బెర్తు. ఎదుటి సీట్లో కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన, ఆయన భార్య. వాళ్ళకు ప్రసాదం పెట్టాను. ఆవిడ మనవరాలి కథ మొదలుపెట్టింది. రాజమండ్రి వంతెన మీద రైలు చప్పుడు మారడం గుర్తుంది. ఆవిడ కథ ఎక్కడ ఆగిందో గుర్తులేదు.

కళ్ళు తెరిచేసరికి బాగా తెల్లవారింది. బోగీ ఖాళీ. ఒకాయన చీపురుతో సీట్ల కింద ఊడుస్తున్నాడు.

"వరంగల్ వచ్చిందా అన్నా?"

"వరంగలా? ఇది సికింద్రాబాద్ అమ్మా. వరంగల్ ఎప్పుడో పోయింది."

మా ఆయన పోయిన దగ్గర్నుంచి నేను రైల్లో నిద్రపోలేదు. సామాను కోసమో, పిల్ల కోసమో, స్టేషను దాటిపోతుందనో, ఒక కన్ను తెరిచే ఉండేదాన్ని. ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని, పదిహేను రూపాయలకు ఒక టీ కొనుక్కుని కూర్చున్నాను. వెనక్కి వెళ్ళే రైలుకు గంటకు పైగా ఉంది. స్కూలుకు ఒక పూట సెలవు పెట్టాలి.

మానస ఫోన్ చేసింది. "ఇంటికి చేరినవా?"

"లేదు. సికింద్రాబాద్‌ల ఉన్న."

"సికింద్రాబాదా? అక్కడేం పని అమ్మా? ఏమైంది?"

"ఏం కాలేదు," అన్నాను. "నిద్ర పట్టింది."